ఎక్కుడులో స్టీరింగ్ పక్కకు తిప్పొద్దు

బండి ఎక్కుడు మీద ఉంది. ఎదురుగా బానెట్, దానిపైన ఆకాశం. దారి కనపడదు. సగం ఎక్కాక ఇంజిన్ ఆగిపోయింది. ఇప్పుడు మీ చేయి ఏం చేస్తుంది?

చాలామంది చేయి స్టీరింగ్‌ను పక్కకు తిప్పుతుంది. బండిని మళ్లించుకుని దిగిపోదామన్న తొందర అది. బోల్తా పడే ప్రమాదం అక్కడే. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఉన్నంత దూరం ఎడమ కుడి చక్రాల మధ్య ఉండదు. అందుకే తిన్నగా నిలబడితే తట్టుకునే వాలు మీదే, అడ్డం తిరిగిన బండి ఒరిగిపోతుంది. చేయాల్సింది ఇదీ: బ్రేకు గట్టిగా తొక్కిపట్టాలి. క్లచ్ నొక్కి రివర్స్ గేరు వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ మెల్లగా వదులుతూ వచ్చిన దారినే తిన్నగా వెనక్కి దిగాలి. న్యూట్రల్ ఊసే ఎత్తకూడదు.

జీవితంలోనూ సగం దారిలో ఇంజిన్ ఆగే రోజులు వస్తాయి. పంట పోతుంది, వ్యాపారం కూరుకుపోతుంది. అప్పుడు మనిషి అడ్డం తిరుగుతాడు. పాత అప్పు తీర్చడానికి ఇంకా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తెస్తాడు. ఉన్న పొలాన్ని ఇంట్లో చెప్పకుండా తాకట్టు పెడతాడు. అలా చేయకండి. ఇవ్వాల్సిన వాళ్లకు ఉన్నమాట చెప్పండి, ఖర్చు తగ్గించండి, కాలు నిలిచే చోటిదాకా తిన్నగా వెనక్కి రండి. వెనక్కి రావడం ఓటమి కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు ఎక్కేముందే దారి చూసుకోవాలి. ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వెళ్తుంటే వెలిగొండలు దగ్గరవుతాయి. ఆ ఉదయగిరి దుర్గాన్ని గజపతి రాజుల నుంచి గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలకు సుమారు ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట చేజిక్కింది. ఒక్కొక్కరుగా మాత్రమే వెళ్లగలిగే ఇరుకు దారిని, బండరాళ్లు పగలగొట్టించి వెడల్పు చేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అంతటి సైన్యం ఉన్న రాజు కూడా ముందు దారి సంగతి చూసుకున్నాడు. మనం మాత్రం బండి దిగి పది అడుగులు నడవడానికి నామోషీ పడతాం! దిగి చూడండి. గులకరాళ్లు ఎక్కడ జారుతున్నాయి, అవతలి పల్లం ఎంత లోతు, చక్రం ఎక్కడ పెట్టాలి అన్నవి సీట్లో కూర్చుంటే తెలియవు.

వాలును కంటితో అంచనా వేయడమూ కష్టమే. కొండదారుల్లో మన ఇంజినీర్లు మామూలుగా పాటించే వాలు 5 శాతం, అంటే 3 డిగ్రీల లోపే. 45 డిగ్రీలంటే 100 శాతం. 2020 మోడల్ థార్ జీపుకు ముందువైపు కోణం 41.8 డిగ్రీలని చదివి, అంత వాలూ ఎక్కేస్తుందనుకునే కుర్రాళ్లున్నారు. ఆ అంకె చెప్పేది ముందు బంపర్ నేలకు తగలకుండా ఎంత నిటారు గట్టును అందుకోగలదో, అంతే. కాగితం మీది సామర్థ్యం వేరు, ఈ నేల మీద ఈ చక్రాలకు దొరికే పట్టు వేరు. మార్కుల జాబితా చూసుకుని ఉద్యోగంలో చేరేవాళ్లూ ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఎక్కేశాక అవతలివైపు దిగేటప్పుడు మొదటి గేరు చాలు. క్లచ్ మీద నుంచి కాలు తీసేయండి, బండిని ఇంజినే పట్టుకుంటుంది.

ట్రాక్టర్ తోలే తమ్ముళ్లకు ఒక మాట. గట్టు ఎక్కేముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ వేయండి. బరువును డ్రాబార్‌కే తగిలించండి, అంతకంటే పైన కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టకండి, పిల్లల్ని అసలే వద్దు.