ముందు ఫ్రేమ్, చక్రాలు చూడు చెల్లీ, ఇంజను తర్వాత

ధర్మవరం నుంచి ఒక చెల్లెలు అడిగిన మాట మీ అందరితోనూ పంచుకోవాలనిపించింది. వాళ్ళ నాయన నడిపిన యెజ్డీ మగ్గాల గది పక్కన ఏళ్ళ తరబడి దుమ్ము పట్టి నిలబడి ఉందట. దాన్ని బాగుచేసి, మట్టి ట్రాకు మీద పాత బండ్ల పందేనికి తయారు చేసుకోవాలని ఆ అమ్మాయి ఆశ. "అక్కా, నట్టు ఏ వైపు తిప్పితే ఊడుతుందో కూడా నాకు సరిగ్గా తెలీదు. నాలాంటిది మొదలుపెట్టొచ్చా?" అంది. మొదలుపెట్టు తల్లీ, తప్పకుండా మొదలుపెట్టు. కాకపోతే అందరూ మొదలుపెట్టే చోట వద్దు.

ఏ మెకానిక్ దగ్గరికి పోయినా మొదటి మాట ఇంజను గురించే వస్తుంది. బోరు చేయిద్దామా, సైలెన్సర్ మారుద్దామా, ఎంత స్పీడు లాగుతుంది అని. నా మాట విను. ముందు ఫ్రేమ్, ఆ తర్వాత చక్రాలు, ఆ తర్వాత బ్రేకు. ఇంజను అన్నిటికంటే చివర. ఎందుకో తెలియాలంటే ఈ పందెం ఎట్లా నడుస్తుందో తెలియాలి.

ఫ్లాట్ ట్రాక్ అంటే చదునైన మట్టి నేల మీద అండాకారపు దారి. ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతారు. మలుపులో వెనక చక్రం పక్కకు జారుతుంది, హ్యాండిల్ కుడికి తిరిగి ఉంటుంది, ఎడమ కాలు నేలను రాసుకుంటూ పోతుంది. ఆ కాలి బూటు కింద ఇనుప తొడుగు వేసుకుంటారు. ఒంటి బరువంతా కుడి ఫుట్‌రెస్టు మీద. ముందు చక్రానికి బ్రేకే ఉండదు! అమెరికాలో గుర్రప్పందేల మట్టి దారుల మీద పెరిగిన ఆట ఇది. అక్కడ 1954 నుంచి గ్రాండ్ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఉంది. 1971లో వచ్చిన 'ఆన్ ఎనీ సండే' అనే డాక్యుమెంటరీ చూశావంటే ఆ రోజుల బండ్లు, ఆ దుమ్ము, ఆ జారుడు అన్నీ కనిపిస్తాయి. దొరికితే మీ అమ్మతో కూర్చుని చూడు.

బండిని పక్కకు జార్చుకుంటూ నడిపే ఆటలో, జారేటప్పుడు ఫ్రేమ్ ఊగకూడదు, చక్రం వంకర పోకూడదు. ఇంజనుకు ఎంత బలముందన్నది ఆ తర్వాతి మాట. నెమ్మదిగా పోయే గట్టి బండి మీద నేర్చుకోగలవు. వేగంగా పోయే వదులు బండి మీద పడిపోతావు.

"ఇది ఆడపిల్లల పనేనా" అని మీ పెదనాయన అన్నాడని చెప్పావు కదా, ఆయనకు ఈ ముక్కలు చెప్పు. ఇంగ్లండులో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు 1934లో తన నార్టన్ బండి మీద బ్రూక్‌లాండ్స్ ట్రాకులో గంటకు వంద మైళ్ళు దాటించి బంగారు నక్షత్రం అందుకుంది. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు అమెరికాలో 'బిల్డ్ ట్రైన్ రేస్' అని ఒక కార్యక్రమం పెట్టారు. నలుగురు ఆడవాళ్ళు తలా ఒక 650 బండి తీసుకుని, దాన్ని ఫ్లాట్ ట్రాకుకు తగ్గట్టు మార్చుకుని, తర్ఫీదు పొంది, పందెంలో దిగారు. ఆ పేరులో వరస చూశావా? కట్టడం మొదట, పందెం ఆఖర. మనకు దగ్గర్లో అయితే బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బాహా ర్యాలీల మహిళల ప్రపంచ కప్పు గెలిచింది. మన హిందూపురం నుంచి బెంగళూరు ఎంత దూరమని, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం.

ఇక నీ బండి సంగతి. ఈ యెజ్డీలు మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైనవి. 1961లో జావా పేరుతో మొదలై, తర్వాత యెజ్డీ పేరుతో వచ్చి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అందుకే మన సీమ ఊళ్ళలో వీటి పనితనం తెలిసిన పెద్ద మేస్త్రీలు ఇంకా దొరుకుతారు. చాలామంది "బుల్లెట్ తీసుకో, దానికి ముందూ వెనకా 19 అంగుళాల చక్రాలే" అంటారు. నిజమే, ఫ్లాట్ ట్రాకు టైర్లు 19 అంగుళాలకే ఎక్కువగా వస్తాయి. కానీ పాత బుల్లెట్‌కు కాలి బ్రేకు ఎడమ పక్క ఉంటుంది. ఎడమ కాలు నేల మీద ఉన్నప్పుడు బ్రేకు ఎవరు తొక్కుతారు? దాన్ని కుడి పక్కకు మార్చడం మొదటిసారి చేసేవాళ్ళ పని కాదు. నీ యెజ్డీకి బ్రేకు కుడి కాలి కిందే ఉంది, అది నీ అదృష్టం. కిక్కు, గేరు రెండూ ఎడమ పక్క ఒకే రాడ్డు కాబట్టి, మలుపులోకి పోకముందే గేరు వేసి ఉంచుకోవడం అలవాటు చేసుకో.

విప్పే ముందు ఒక మాట. నాన్నగారి బండి కదా, ఏదీ కోయించొద్దు. ట్యాంకు, లైట్లు, మడ్‌గార్డులు, చైన్ కవరు విప్పినవి విప్పినట్టు గోనెసంచుల్లో కట్టి, పేర్లు రాసి అటకెక్కించు. ఆర్‌సీ జాగ్రత్త. లైట్లు లేని బండి రోడ్డు మీదికి రాకూడదు, ట్రాకు దాకా ఆటోలోనో మినీ ట్రక్కులోనో తీసుకుపోవాల్సిందే.

ఫ్రేమ్ ఒక్కటే మిగిలాక దాన్ని కిరోసిన్‌తో బాగా తుడువు. పైపైన ఆరాక సుద్దపొడి చల్లు. ఎక్కడైనా సన్నటి పగులుంటే లోపల దాగిన కిరోసిన్ బయటికి ఊరి, తెల్ల పొడి మీద చారలా కనిపిస్తుంది. హ్యాండిల్ మెడ దగ్గర, వెనక షాకబ్జర్లు బిగించే చోట్ల, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ఇరుసు దగ్గర మరీ జాగ్రత్తగా చూడు. పగులు కనిపిస్తే మంచి వెల్డర్ దగ్గరికి పోవాలి. స్వింగ్ ఆర్మ్ పట్టుకుని పక్కలకు ఊపితే టకటకమంటే బుష్‌లు పోయాయని అర్థం. హిందూపురంలో లేత్ పని తెలిసినవాళ్ళకు పాత బుష్ చూపిస్తే కొత్తది తిప్పి ఇస్తారు. హ్యాండిల్ మెడలో బేరింగ్ గోళీలు గుంటలు పడి ఉంటే, గిన్నెలతో సహా మార్చేయాలి. ఆ గుంటలతో బండి నడిపితే హ్యాండిల్ ఒక్కో చోట ఆగి ఆగి తిరుగుతుంది. మలుపులో అది చాలా ప్రమాదం.

చక్రాలు నీ చేతులతోనే కట్టు. ఇది మాత్రం నేను పట్టుబట్టి చెబుతున్నా. ధర్మవరంలో పుట్టినదానివి, మగ్గం మీద పడుగు బిగువు వేలితో తాకి చెప్పగలవు. స్పోకుల బిగువు కూడా అట్లాగే తెలుస్తుంది. స్పానర్‌తో ఒక్కొక్కదాన్నీ తట్టితే మంచి బిగువున్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. రిమ్‌ను ఫోర్కులో పెట్టి తిప్పుతూ, ఒక పుల్ల ఆనించి వంపు ఎక్కడుందో చూసుకుని, ఒకేసారి కాకుండా అర చుట్టు, పావు చుట్టు బిగించుకుంటూ పో. మొదటి చక్రానికి పొద్దంతా పడుతుంది. పట్టనీ. టైర్ల విషయంలో తొందరొద్దు. ఫ్లాట్ ట్రాకుకు ప్రత్యేకంగా తయారయ్యే వెడల్పు టైర్లు నీ స్వింగ్ ఆర్మ్‌లో పట్టవు. ఉన్న రిమ్‌కు సరిపడే గడుల టైరు చాలు.

బ్రేకు విప్పేటప్పుడు ముక్కుకు, నోటికి సన్నటి దుమ్మును ఆపే మాస్కు పెట్టుకో, మామూలు గుడ్డ చాలదు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నోటితో ఊదొద్దు, గాలి పంపు కొట్టొద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయి. షెడ్డులో చిన్నపిల్లల్ని తిరగనీయొద్దు. చున్నీ, గాజులు, వదులు జడ ఇవన్నీ చైన్‌కు దూరంగా ఉండాలని నీకు నేను చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నా.

ఇప్పుడు ఇంజను. యెజ్డీ రెండు స్ట్రోకుల బండి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్ గదిలోకి వచ్చి, అక్కణ్ణుంచి పైకి పోతుంది. ఏళ్ళ తరబడి నిలబడిపోయిన బండిలో క్రాంక్ సీళ్ళు ఎండి బిరుసెక్కి ఉంటాయి. వాటి సందుల్లోంచి గాలి దూరితే మిశ్రమం పలచబడి, వేడి పెరిగి, పిస్టన్ పట్టేస్తుంది. జారుతున్న బండికి పిస్టన్ పట్టేసిందంటే వెనక చక్రం బిగుసుకుపోయినట్టే. కాబట్టి బోరు చేయించే డబ్బు పక్కన పెట్టి, ముందు సీళ్ళు, బేరింగులు మార్పించు. లైట్లు తీసేసినంత మాత్రాన బ్యాటరీ కూడా తీసేయొద్దు. పాత డైనమో యెజ్డీల్లో స్పార్కు పుట్టించే పాయింట్లకు కరెంటు బ్యాటరీ నుంచే వస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమ పడుతుంది. నడిపిన రోజు సాయంత్రమే కార్బురేటర్ ఖాళీ చేయి. చిన్న ట్రాకులో ఊపు కావాలంటే ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గిస్తే చాలు. మణికట్టుకు తాడుతో కట్టుకునే కిల్ స్విచ్ తప్పనిసరి. నువ్వు పడితే బండి ఆగాలి.

షాపులకు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోతే, వాళ్ళు తమ్ముడితోనే మాట్లాడతారు. నాకు తెలిసిన ప్రతి ఆడపిల్లా ఈ మాట చెప్పింది. అమ్మతో పో, లేకపోతే ఒక్కదానివే పో. పార్టు చేతిలో పట్టుకుని, ఏం కావాలో కాగితం మీద రాసుకుని పో. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడో, చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లోనో పనిచేసే అక్క ఎవరైనా మీ బంధువుల్లో ఉంటే, టార్క్ రెంచి ఎట్లా వాడాలో అడిగి నేర్చుకో. ఎంత బిగించాలో చేతి అంచనాకు వదలకుండా కొలిచి బిగించే పరికరం అది. మొదటిసారి బండి కట్టేవాళ్ళకు అంతకు మించిన తోడు లేదు.

ఎక్కడ నడపాలి? రోడ్డు మీద మాత్రం కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేయడం నేరం. ఎండిపోయిన చెరువు నేల చూసి ఆశపడొద్దు, అక్కడ గొర్రెలు మేస్తుంటాయి, పిల్లలు ఆడుతుంటారు. వేరుశనగ పీకేసిన సొంత చేనో, అడిగితే ఒప్పుకునే బంధువుల చేనో చూసుకో. ఈ ఆటలో దుమ్ము అణగడానికి, పట్టు దొరకడానికి ట్రాకును నీళ్ళతో తడుపుతారు. మన అనంతపురం సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. బోరు నీళ్ళు ఇందుకు పారబోయడానికి నాకు మనసొప్పదు. వాన పడి, నేల పదునెక్కి, పైన ఆరిన మర్నాడు నడుపు. అంతకంటే మంచి ట్రాకు ట్యాంకరు పెట్టి తడిపినా రాదు.

బండి పూర్తయ్యేదాకా ఆగకుండా ఒక పని చేయి. గౌరిబిదనూరు, చిక్కబళ్లాపురం మీదుగా కోలారు పోతే, అక్కడ బిగ్ రాక్ డర్ట్ పార్కు ఉంది. డకార్ ర్యాలీని 2015లో పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ పెట్టింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 'స్లైడ్ స్కూల్' పేరుతో, ఫ్లాట్ ట్రాకుకు మార్చిన హిమాలయన్ బండ్ల మీద జారుడు నేర్పింది కూడా అక్కడే. బ్యాచ్‌లు ఎప్పుడున్నాయో ఫోన్ చేసి కనుక్కుని, ముందు వాళ్ళ బండి మీద నేర్చుకో. మంచి హెల్మెట్టు, మోకాళ్ళకు కవచాలు, చీలమండ దాటే బూట్లు, వీటికి ముందే డబ్బు తీసిపెట్టు. పోటీలో దిగాలనుకున్న రోజు, మన దేశంలో మోటారు పందేలను చూసే ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ వాళ్ళ లైసెన్సు సంగతి చూసుకోవచ్చు. కోలారులో ఒక రోజు తిరిగొచ్చాక, నీ భుజాలకు హ్యాండిల్ ఎంత వెడల్పుండాలో, కుడి ఫుట్‌రెస్టు ఎంత వెనక్కి జరగాలో నీ ఒళ్ళే చెబుతుంది. అప్పటిదాకా ఆ రెండింటికీ వెల్డింగ్ పెట్టించొద్దు.