కూలి రేట్లలో తేడాలు: కల్వకుర్తి ఉదాహరణ

నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తి ప్రాంతంలో పత్తి ఏరే ఆడవాళ్లకు కిలోల లెక్కన కూలి. పొద్దుగూకి కాంటా పెట్టాకే ఆ రోజు సంపాదన తేలుతుంది. మందు కొట్టే మగవాళ్లకు రోజు కూలి.

కూలి రేట్లు మారడానికి కారణాలు:

• వలస: పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) కూలీలు మేస్త్రీల వెంట ఆనకట్టల పనులకు వెళ్లారు. ఊళ్లో మనుషులు తగ్గితే కూలి పెరుగుతుంది.

• సాగునీరు: కల్వకుర్తి ఎత్తిపోతలకు ఆధారం శ్రీశైలం జలాశయంలోని కృష్ణా నీరు. నీళ్లొస్తే పనిదినాలు పెరుగుతాయి.

• యంత్రాలు: ట్రాక్టర్ డ్రైవర్‌కు గిరాకీ పెరుగుతుంది, కలుపు మందులొస్తే కలుపు తీసేవారికి పని తగ్గుతుంది.

• చట్టాలు: కనీస వేతనాలకు 1948లో, సమాన వేతనానికి 1976లో, ఉపాధి హామీకి 2005లో చట్టాలు వచ్చాయి.

గుర్తుంచుకోండి: సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రం, 39(డి) అధికరణ. చెమట ఒకటైనప్పుడు కూలీ ఒకటే కావాలి.