కాచిగూడ స్టేషన్ చెప్పే కథ



మన ఆలంపూర్ నుండి పట్నం పోవాలంటే బస్సు ఉంది, రైలూ ఉంది. ఆలంపూర్ రోడ్ స్టేషన్‌లో రైలెక్కితే గద్వాల, మహబూబ్‌నగర్ మీదుగా కాచిగూడ చేరుతాం. మూటలు దించుకుంటాం. పిల్లల చెయ్యి పట్టుకొని బయటపడతాం. ఆటో బేరమాడతాం. వెనక్కి తిరిగి ఆ స్టేషన్‌ను చూసినవాళ్లం ఎంతమందిమి?

ఈసారి ఒక్క నిమిషం ఆగి చూడండి. నడుమ గుమ్మటం కనిపిస్తుంది. అటూ ఇటూ మరికొన్ని గుమ్మటాలు, మినార్లు. దూరం నుండి చూస్తే కోటలాగ ఉంటుంది. ఇది 1916లో కట్టిన స్టేషన్. అప్పుడు హైదరాబాద్ రాజ్యాన్ని ఏలినవాడు ఏడవ నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. నమూనా గీసినవాడు విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు దొర. మనం జబ్బు చేస్తే పోయే ఉస్మానియా దవాఖాన పాత భవనానికి కూడా ఆయనే నమూనా గీశాడు.

నమూనా గీసినవాని పేరు తెలిసింది. కట్టించినవాని పేరు తెలిసింది. మరి సున్నం కలిపినవాళ్లు, తట్టలు మోసినవాళ్లు ఎవరు? వాళ్ల పేర్లు పుస్తకాల్లో కనపడవు. ఊరు విడిచి కూలికి పోయే పాలమూరు వాళ్లకు ఈ మాట వేరే చెప్పాలా?

నిజాం రాజ్యంలో రైలు అంతకు ముందే వచ్చింది. 1874లో వాడి నుండి సికింద్రాబాద్‌కు మొదటి లైను పడింది. తర్వాత కాచిగూడ నిజాం రైల్వేకు ముఖ్యమైన స్టేషన్ అయింది.

ఆ రోజుల్లో అక్కడ పరదా పాటించే ఆడవాళ్లకు వేరే ఏర్పాట్లు ఉండేవి. మగవాళ్ల కంట పడకుండా వాళ్లు రైలెక్కేవారు, దిగేవారు. ఇప్పుడు మనం అదే స్టేషన్‌లో నలుగురి మధ్య నిలబడి టికెట్ కొంటున్నాం. గోడలు అవే. కాలం మారింది.

ఇంకా ఏమి మారాయి? బొగ్గు ఇంజను పోయింది, డీజిల్ వచ్చింది. దాని తర్వాత కరెంటు ఇంజను వచ్చింది. మన లైనులో మొదట చిన్న పట్టాలు ఉండేవి. రెండు పట్టాల నడుమ ఒక మీటరే దూరం. 1990 తర్వాత వాటిని తీసి పెద్ద పట్టాలు వేశారు. కాచిగూడ పాత ముఖం మాత్రం నిలిచింది.

బొంబాయిలో దీనికన్నా పాతది ఇంకొకటి ఉంది. అక్కడ పనికి పోయి వచ్చినవాళ్లు దాన్ని "వీటీ" అంటారు. విక్టోరియా రాణి పేరు మీద కట్టారు. 1878లో మొదలైతే 1888కి పూర్తయింది. 1996లో దానికి శివాజీ పేరు పెట్టారు. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. పాడైన రాళ్లను బాగు చేసుకుంటూ కాపాడుతున్నారు. రోజూ లక్షల మంది దానిలో నడుస్తూనే ఉన్నారు.

అన్నీ ఇట్లా నిలవవు. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖాన్ని 2025లో కూలగొట్టారు. కొత్తది పెద్దగా కడుతున్నారు. జనం పెరిగారు, సౌకర్యం కావాల్సిందే. కాని కూల్చిన గోడ మళ్లీ రాదు.

"పాత గోడలతో మనకేమి పని టీచరమ్మా?" అని మా చదువు కేంద్రంలో ఒక అక్క అడిగింది. పక్కనున్న పెద్దమ్మ జవాబు చెప్పింది: "మన కూడవెల్లి గుడి శ్రీశైలం నీళ్లల్ల మునుగుతదని రాయి రాయి విప్పుకొచ్చి ఆలంపూర్ల నిలబెట్టలేదా? ఊరు పోయింది, గుడి మిగిలింది. అది చూస్తేనే గద ఊరు యాదికొస్తది!" అందరం కాసేపు మాట్లాడలేదు.

పాత కట్టడం కూడా ఒక పుస్తకమే. దాన్ని కాపాడితే మన పిల్లలు కూడా చదువుతారు. మనం కూడా చెయ్యగలిగింది ఉంది. గోడ మీద ఉమ్మొద్దు, గీతలు గీయొద్దు.

ఈసారి కాచిగూడలో దిగినప్పుడు ఎవరినీ అడగకండి. బోర్డు మీద పేరు మీరే చదవండి. పక్కనున్న బిడ్డకు ఈ కథ చెప్పండి.

కొత్త మాటలు
నమూనా – కట్టడానికి ముందు గీసే పటం
వారసత్వం – పెద్దల నుండి మనకు వచ్చినది

చెప్పండి, రాయండి
1. కాచిగూడ స్టేషన్ ఏ సంవత్సరంలో కట్టారు? ఇప్పటికి ఎన్నేళ్లయింది? లెక్క వేయండి.
2. అప్పుడు ఆడవాళ్లు రైలెక్కడానికీ, ఇప్పుడు మనం ఎక్కడానికీ తేడా ఏమిటి?
3. మీ ఊరిలో కాపాడుకోవలసిన పాత కట్టడం ఏది? దాని గురించి నాలుగు మాటలు రాయండి.