నీటి అడుగున ఆహారయత్నం

మన కావ్యాలలో తామరకు దక్కిన గౌరవం నాచుకు దక్కలేదు. కవులు దానిని శైవాలమని పిలిచి తామర పక్కన నిలిపారు. కాని ఆహారాన్ని సంపాదించుకొనే నేర్పులో నాచు తక్కువది కాదు. తామర తన ఆకును నీటిపైకి చాచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నేరుగా గ్రహిస్తుంది. పూర్తిగా మునిగి జీవించే హైడ్రిల్లా వంటి మొక్కకు ఆ సౌకర్యం లేదు.

నీటిలో ఈ వాయువు లేకపోలేదు. లీటరు గాలిలో ఉన్నంత వాయువు, ఆ గాలితో కలిసి ఉన్న లీటరు నీటిలోనూ ఇంచుమించుగా ఉంటుంది. చిక్కంతా దాని నడకలో ఉన్నది. గాలిలో కంటె నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. కనుక ఆకును అంటిపెట్టుకొన్న కదలని నీటిపొరను దాటడమే దానికి కష్టం. బోథ్ మండలంలోని పొచ్చెర జలపాతం వంటి చోట్ల నీటి ఉరవడికి ఆ పొర పలుచనవుతుంది. నిలకడ నీటి చెరువులో అట్లు జరగదు. మొక్కలు దట్టంగా పెరిగిన చోట, ఎండవేళ అవి వాయువును పీల్చుకొనేకొద్దీ నీటి క్షారగుణం పెరుగుతుంది. మధ్యాహ్నానికి వాయువు దాదాపు అడుగంటుతుంది.

అప్పుడు హైడ్రిల్లా రెండు ఉపాయాలను ఆశ్రయిస్తుంది. మొదటిది బైకార్బనేటు. చెరువు నీటిలో కరిగిన కర్బనంలో అధికభాగం సాధారణంగా ఈ రూపంలోనే ఉంటుంది. ఆకు తన అడుగువైపున ఆమ్లగుణాన్ని కలిగించి, బైకార్బనేటును వాయువుగా మార్చుకొని గ్రహిస్తుంది. ప్రయోగశాలలో గరాటు కింద ఉంచిన హైడ్రిల్లాకు చిటికెడు తినే సోడా కలిపితే బుడగలు పెరగడానికి కారణం ఇదే.

రెండవది మన జొన్నపైరుకు తెలిసిన విద్య. జొన్న మొదట కర్బనాన్ని నాలుగు కర్బన పరమాణువులు గల ఆమ్లంగా బంధిస్తుంది. పిదప వేరొక రకం కణంలో దానిని విడిపించి వాడుకొంటుంది. హైడ్రిల్లా ఈ రెండు పనులనూ ఒకే కణంలో, అదియును వాయువుకు కరువు వచ్చినప్పుడే నెరవేరుస్తుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జార్జ్ బోవెస్, ఆయన సహచరులు ఈ విశేషాన్ని పరిశోధించి వెల్లడించారు.

అయితే ఏ శక్తికైనా మితం అవసరం. 1950 దశకంలో అక్వేరియం మొక్కగా ఫ్లోరిడా చేరిన హైడ్రిల్లా అక్కడి కాలువలను ముంచెత్తే కలుపుగా మారింది. మన చెరువులలోనైనా అది మితిమీరి పెరిగితే, రాత్రివేళ ఆమ్లజనిని తానే వాడుకొని చేపల ప్రాణానికి ముప్పు తెస్తుంది. చెరువును కాపాడదలచినవారు నాచును ద్వేషించనక్కరలేదు. దాని బలాన్ని తెలుసుకొని, హద్దులో ఉంచితే చాలును.

అర్థాలు
శైవాలము : నాచు
ఉరవడి : వేగం
ఆమ్లజని : ఆక్సిజన్

ప్రశ్నలు
1. నీటిలో వాయువు ఉన్నప్పటికీ మొక్కకు అందకపోవడానికి కారణమేమి?
2. కర్బన గ్రహణంలో జొన్నకు, హైడ్రిల్లాకు గల పోలికను, భేదాన్ని వివరించండి.