చదువ తడబడు పిల్లలు – తెలుగు లిపి – ఇంటిభాష

తెలుగును పలికినట్లే వ్రాయుదుము, వ్రాసినట్లే చదువుదుము. కావున తెలుగు చదువుట కష్టమనుట సోమరి పిల్లల సాకు మాత్రమే యని మనలో పలువురి యభిప్రాయము. ముప్పది సంవత్సరములుగా తెలుగు బోధించుచున్న నేనును చిరకాలము అట్లే తలచితిని. ఆ యభిప్రాయము ఎంతవరకు సత్యము, దానివలన చదువ తడబడు పిల్లలకు ఎట్టి కీడు కలుగుచున్నది, స్వరాష్ట్రమునకు వెలుపల నివసించు తెలుగు కుటుంబములు ఈ విషయమున చేయు పొరపాటు ఏది అను మూడు ప్రశ్నలను ఈ చిన్న వ్యాసమున విచారింప దలచితిని.

1. మాట – దాని యర్థము

మెదడు పనిచేయు తీరు మనుష్యులందఱిలో ఒక్కటిగా నుండదు. ఆటిజము, అవధానలోపము, పఠనక్లేశము మొదలగువానిని కేవలము రోగములుగా గాక, ఈ సహజ భేదములో భాగముగా కూడ చూడవలెనను దృష్టి ఇటీవలి దశాబ్దములలో బలపడినది. దీనినే నాడీవైవిధ్యమని వ్యవహరించుచున్నారు. ఇది విస్తృతమైన విషయము. నాకు లిపితోడను భాషతోడను పరిచయము గాని వైద్యముతో లేదు గనుక, డిస్లెక్సియా యని ప్రసిద్ధమైన పఠనక్లేశమునకే ఈ వ్యాసమును పరిమితము చేయుచున్నాను.

డిస్లెక్సియా యను పేరును 1887లో జర్మనీ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ ప్రయోగించెను. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ పదునాలుగేండ్ల బాలుని వృత్తాంతమును ప్రకటించెను. ఆ బాలుని కంటిచూపునకు లోపము లేదు, లెక్కలు చేయగలడు, చదువుట మాత్రము రాదు. బోధన యంతయు నోటిమాటగా సాగినచో బడిలో అతడే మిక్కిలి చుఱుకైనవా డగునని ఉపాధ్యాయుడు చెప్పినట్లు మోర్గన్ వ్రాసెను. నూట ముప్పదేండ్ల క్రిందటి ఆ ఉపాధ్యాయుని మాటలోనే విషయసారమంతయు నున్నది. తెలివి యున్నది, చూపున్నది. మాటను ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనులను లిపిచిహ్నములతో కలుపు పని మాత్రము కష్టమగుచున్నది. ఇది తఱచుగా ఒకే కుటుంబమున పలువురిలో కనబడును. సోమరితనమునకు గాని, పెంపకమునకు గాని దీనితో సంబంధము లేదు.

2. తెలుగు లిపిలోని కష్టము

ఇంగ్లీషు నేర్చు పిల్లవానికి అక్షరములు 26 మాత్రమే. వాని ధ్వనులలో క్రమము లేకుండుట అతని కష్టము. తెలుగు నేర్చు పిల్లవానికి ధ్వనులలో చాలవఱకు క్రమము కలదు. నేర్వవలసిన రూపములు మాత్రము అనేకము. ముప్పదికి పైబడిన హల్లులకు గుణింతములు వ్రాసినచో నాలుగైదు వందల రూపములు ఏర్పడును. వానికి వత్తులు చేరినపుడు ఆ సంఖ్య ఇంకను పెరుగును. కావున తెలుగున కష్టము లేదనుట పొరపాటు. అది వేఱొక చోట నున్నది.

ఆ చోట్లు ముఖ్యముగా మూడు. మొదటిది అక్షరముల పోలిక. న–స, ప–వ, ర–ఠ, డ–ఢ, బ–భ అను జంటలను చూడుడు. తలకట్టు అంటినదా విడివడినదా, లోపల చుక్క కలదా లేదా, అడుగున గీత యున్నదా లేదా యనునదే భేదము. అలవాటుపడిన కంటికి ఈ భేదము స్పష్టము. కొత్త కంటికి సూక్ష్మము.

రెండవది వత్తులు. త, న, మ, య, ర, ల అను అక్షరముల వత్తులకు మూలరూపముతో పోలిక కనబడదు. విచిత్రమేమనగా, పిల్లవాడు మొట్టమొదట నేర్చు ఇంటిమాటలైన అమ్మ, అన్న, అత్త, అయ్య, తల్లి అనువానిలో నున్నవి ఈ వత్తులే. నోటికి మిక్కిలి సులభమైన మాటలు కంటికి అంత సులభములు కావు.

మూడవది వరుస. ‘క్రి’ యను అక్షరమును పరిశీలింతము. చెవికి వినబడు వరుస కకారము, రేఫము, ఇకారము. కంటికి కనబడు వరుస వేఱు: ఇకారమునకు గుర్తైన గుడి కకారము తలపై నున్నది, రేఫము వత్తుగా పక్కకు జరిగినది. మనము అక్షరము నంతటిని ఒక్క చూపున గ్రహింతుము గనుక ఈ తారుమారు మనకు తోచదు. ధ్వనులను ఒక్కొక్కటిగా కూడబలుకుకొను పిల్లవానికి ఇది అడుగడుగున తగులు అడ్డంకి.

మన లిపికి సోదరియైన కన్నడ లిపిని గూర్చి సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన ఇచ్చట స్మరణీయము. అక్షరములన్నియు పట్టుబడుటకు బడిలోని తొలి ఒకటి రెండేండ్లు చాలవనియు, అక్షరమును విడదీసి అందలి హల్లును అచ్చును వేఱుగా గుర్తించు శక్తి నెమ్మదిగా అలవడుననియు దానివలన తెలియుచున్నది. సాధారణ బాలురకే ఇట్లున్నచో పఠనక్లేశము గలవారి మాట చెప్పనక్కఱలేదు.

ధ్వనిక్రమము గల జర్మను, ఇటాలియను వంటి భాషలలో పఠనక్లేశము తప్పులుగా కంటె మందగతిగా నెక్కువగా బయటపడునని పరిశోధకులు గమనించినారు. తెలుగునందును నాకు కనబడినది ఇదియే. పిల్లవాడు తప్పు చదువడు. మిక్కిలి నెమ్మదిగా చదువును. పంక్తి చివరకు చేరునప్పటికి మొదలు మఱచును. తప్పులు లేవు గనుక ఉపాధ్యాయునకు అనుమానము రాదు, బద్ధకమని తీర్మానించును.

3. వల్లెవేతలోని మోసము

మన బోధనసంప్రదాయమున గుణింతమును రాగముతో వల్లె వేయింతుము. చెవిజ్ఞాపకము గట్టిగా నున్న పిల్లవాడు పుటపై వ్రేలు జరుపుచు ‘క, కా, కి, కీ’ యని తడుముకొనక అప్పగించును. చదువుచున్నాడని మనము సంతసింతుము. నిజమునకు అతడు పాట పాడుచున్నాడు. వ్రేలు తోడుగా నడచుచున్నది. పఠనక్లేశము గల పిల్లలు ఈ విధముగా రెండు మూడు తరగతులవఱకు ఎవరికంటను పడక గడుపగలరు.

దీనిని కనిపెట్టుటకు ఉపాధ్యాయుడు చేయదగిన చిన్న పని యొకటి కలదు. చీటీలపై ‘తు, మి, సె, కో, వీ’ వంటి గుణింతములను వరుస తప్పించి వ్రాసి ఒక్కొక్కటిగా చూపవలెను. వరుసలో చెప్పినవాడు విడిగా చెప్పలేకున్నచో విషయము తెలియును. ఇది నిర్ణయము కాదు. నిపుణుల యొద్దకు పంపవలెనా యని తెలిసికొనుటకు మాత్రమే ఉపకరించును. నిర్ణయమైనను ఒక్క ఇంగ్లీషులో పరీక్షించి చేయదగినది కాదు. మానేసరులోని జాతీయ మస్తిష్క పరిశోధనకేంద్రమువారు 2015లో హిందీ, మరాఠీ, కన్నడ భాషలకును ఇంగ్లీషునకును పరీక్షాసాధనమును వెలువరించుట ఈ దృష్టితో మేలైన పని.

4. ఒక స్వానుభవము

నా రెండవ కుమారుడు నేను ఉద్యోగము చేయుచున్న ఉత్తరాది నగరమున పెరిగెను. బడిలో ఇంగ్లీషు, హిందీ, ఇంటిలో తెలుగు. సాయంకాలము తెలుగు వాచకము తెఱచి అతనిని నా యెదుట కూర్చుండబెట్టుచుంటిని. మూడవ తరగతికి వచ్చినను ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచునే యుండెను. తెలుగు చెప్పుకొని బ్రదుకువాని కొడుకు తెలుగు చదువలేకుండుట నాకు అవమానముగా తోచెను. కోపపడితిని, ఒకటి రెండు పర్యాయములు చేయి చేసికొంటిని. ఇది వ్రాయుటకు సిగ్గుపడుచున్నాను గాని, ఇట్టి తండ్రులు మఱికొందఱు కలరని యెఱిగియే వ్రాయుచున్నాను.

తక్కిన రెండు భాషలలోను అతని తీరు అదియే యని బడివారు పిలిచి చెప్పిరి. మూడు భాషల బరువే దీనికి కారణమనియు, ఇంటిలో తెలుగు మాని ఇంగ్లీషులోనే మాటలాడుట మేలనియు సలహా యిచ్చిరి. రెండేండ్లు అట్లే చేసితిమి. చదువు మెఱుగుపడలేదు. ఆ వేసవిలో మా అమ్మ ఊరినుండి వచ్చినది. రాత్రి మనుమనికి కథ చెప్పబోగా, వాడు మాటమాటకు అర్థము అడుగసాగెను. ఆమె కథ ఆపి నా వంక చూచి, “ఏరా, వీడికి నా మాట కూడా అందకుండా చేశావా?” అన్నది. నాయొద్ద సమాధానము లేదు.

పిమ్మట మనశ్శాస్త్ర నిపుణురాలొకరు పరీక్షించి పఠనక్లేశమని నిర్ణయించిరి. అప్పటికి వానికి పదేండ్లు. ఇంటిభాష మానవలసిన అవసర మెన్నడును లేకుండెనని ఆమె స్పష్టముగా చెప్పిరి. ఒకటికి మించిన భాషలు మాటలాడుట పఠనక్లేశమునకు కారణము కాదని నేడు పరిశోధకులు అంగీకరించినదే. క్లేశము లిపియొద్ద నున్నది. మేము తొలగించినది మాటను. లిపి కుంటుపడిన పిల్లవానికి విషయజ్ఞానమును, పదసంపదను అందించు మార్గము చెవి యొక్కటియే కదా! ఆ మార్గమును కూడ మూసితిమి.

5. ఇంటిలోను బడిలోను చేయదగినది

ఇంటిలో మొదటి పని మాట. కథలు చెప్పవలెను, పెద్దలు పుస్తకములు చదివి వినిపింపవలెను. రెండవ పని ధ్వనిని విడదీయుట నేర్పుట. ఇందుకు మన ఛందస్సులోనే సాధన మొకటి కలదు. ప్రాసనియమము ప్రకారము పాదముల రెండవ అక్షరములలో హల్లు ఒక్కటిగా నుండవలెను, అచ్చు మారవచ్చును. అక్షరమునుండి హల్లును వేఱు చేయుటయే పఠనక్లేశము గల పిల్లవానికి రాని విద్య. ‘గాలి, పాలు, నేల’ అని చెప్పి, రెండవ అక్షరములలో దేనికి దేనితో పోలికయో అడుగుడు. పిమ్మట ‘గాలి, పాలు, కాకి’ యని చెప్పి, కలియని దానిని ఏరుమనుడు. అక్షరమెఱుగని పసివారును ఈ యాట ఆడగలరు. శతకపద్యములను నేర్పునపుడు కంఠస్థముతో ఆపక, ప్రాసను పట్టుకొనుమని ప్రోత్సహించిన ఇంకను మంచిది.

మూడవది చేతిపని. వీథిబడులలో ఇసుకపై వ్రేలితో దిద్దింపుచు, నోట పలికించుచుండెడివారు. 1930ల నాటికి అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అనా గిలింగ్‌హామ్ రూపొందించిన పద్ధతికిని కన్ను, చెవి, చేయి మూడును ఒక్కసారి పనిచేయుటయే మూలసూత్రము. ఒక భేదము మాత్రము మఱువరాదు. ఆ పద్ధతిలో ధ్వనులు ఒక్కొక్కటిగా, తేలికనుండి కష్టమునకు, ముందటిది పట్టుబడిన పిమ్మటనే తరువాతిది నేర్పుదురు. ఒక్క దినమున గుణింతమంతయు దిద్దించుటవలన ప్రయోజనము లేదు. న–స వంటి జంటలను ఒకే వారమున నేర్పరాదు.

బడిలో ముందుగా మానవలసిన దొకటి కలదు: సిద్ధపడని పిల్లవానిని తరగతి యెదుట బిగ్గరగా చదువుమనుట. చదువవలసిన భాగమును ముందునాడే తెలిపిన అతడు ఇంటిలో సాధన చేసికొని వచ్చును. చరిత్రమున గాని విజ్ఞానమున గాని విషయము తెలిసినదా యని నోటితో అడుగవచ్చును; వ్రాతలోని అక్షరదోషములకు అచ్చట మార్కులు తగ్గింప నవసరము లేదు.

చట్టమును అనుకూలముగా నున్నది. 1995 నాటి వికలాంగుల చట్టమున ఈ పిల్లలకు చోటు లేకుండెను. 2016 చట్టము గుర్తించిన 21 విధములలో ప్రత్యేక అభ్యసన వైకల్యములును చేరినవి; అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. 2018లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు పరీక్షలలో గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు సమయము నీయవలెనని చెప్పినవి. వ్రాయుటలో కష్టము గల అభ్యర్థి విషయమున, లేఖకుని సహాయము నలుబది శాతము వైకల్యము గలవారికే పరిమితము కారాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న తీర్పు చెప్పినది. ఈ సౌకర్యములను కోరుటకు తలిదండ్రులు సంకోచింప నక్కఱలేదు. భాషాపాఠ్యమునుండి మినహాయింపు దొరకిన సందర్భమున మాత్రము ఒక జాగ్రత్త వలయును. మినహాయింపు పరీక్షకు సంబంధించినది. దానిని ఇంటిమాటకు వర్తింపజేయరాదు.

నా కుమారుడు నేడు యంత్రశాస్త్రమున పట్టభద్రుడై ఉద్యోగము చేయుచున్నాడు. తెలుగు నేటికిని నెమ్మదిగానే చదువును. పదేండ్ల తరువాత తిరిగి నేర్చిన మాట గనుక ఉచ్చారణలో కొంత కొఱత నిలిచిపోయినది. ఆ కొఱతకు కారణము అతని మెదడు కాదు, మా నిర్ణయము. మా అమ్మ జీవించియున్నంతకాలము వారిరువురును వారమున కొకసారి ఫోనులో మాటలాడుకొనుచుండిరి. ఆమె కథ చెప్పెడిది, అతడు వినెడివాడు. స్వరాష్ట్రమునకు దూరముగా నున్న తెలుగు తలిదండ్రులకు, వారి పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయులకు ఈ వ్యాసమువలన ఒక్క విషయము నిలిచిన చాలును: అక్షరము ఆలస్యముగా వచ్చినను రావచ్చును, అంతవఱకు మాటను ఆపవలదు.