పొరలతో చిత్రములను కూర్చుట



మన నారాయణపేట ప్రాంతమునుండి అనేకులు కూలిపనులకై ముంబై, పుణె నగరములకు పోవుచుందురని మీరెఱుగుదురు. గత సంవత్సరము ఒక విద్యార్థిని రెండు ఛాయాచిత్రములను నాయొద్దకు తెచ్చినది. ఒకదానిలో నాయనమ్మ కుర్చీలో కూర్చుండగా, తల్లియు పిల్లలును చుట్టు నిలిచియున్నారు. రెండవదానిలో పుణెలో పని చేయుచున్న తండ్రి ఒక గోడయెదుట ఒంటరిగా నిలిచియున్నాడు. “సార్, మా నాయనను ఇందులో చేర్చవచ్చునా?” అని ఆమె అడిగినది. ఆ పనియే నేటి పాఠము.

ఈ విద్య క్రొత్తది కాదు. 1858వ సంవత్సరమున ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ అను ఛాయాచిత్రకారుడు అయిదు నెగటివులను కలిపి ఒకే చిత్రముగా అచ్చొత్తెను. నేడు ఆ పనిని కంప్యూటరులో ‘లేయర్లు’, అనగా పొరలు, సులభము చేసినవి. ఫోటోషాపులో ఇవి 1994లో వెలువడిన మూడవ కూర్పునందు చేరినవి. మనము వెల లేకుండ లభించు ‘గింప్’తో అభ్యసింతము.

పొర యనగా నేమి? ఒకదానిపై నొకటి పేర్చిన గాజుపలకలను తలచుకొనుడు. పైపలకమీది బొమ్మ క్రిందిదానిని కప్పును. బొమ్మ లేనిచోట క్రిందిది కనబడును. మన ఊరి చీర నేసిన పిదప అంచురంగు మార్చ నెవరితరము కాదు. పొరలైనచో, కడవరకు వేటికవియే యుండును గనుక, దేనినైనను విడిగా సవరింపవచ్చును.

1. మొదట కుటుంబచిత్రమును తెఱవుడు. పిమ్మట ‘ఫైల్’ పట్టికలోని ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ ద్వారా తండ్రిచిత్రమును తెండు. అది పైపొరయై నిలుచును.

2. ‘స్కేల్’ పనిముట్టుతో తండ్రి పరిమాణమును తగ్గింపుడు. తల్లి తలతో అతని తలను పోల్చి చూచుకొనుడు.

3. గోడను రబ్బరుతో చెఱిపివేయకుడు. ఆ పొరకు తెల్లని ‘లేయర్ మాస్క్’ తగిలింపుడు. మాస్కుపై నలుపు పూసినచోట చిత్రము దాగును. తెలుపు పూసినచో మరల కనబడును. కావున చేయి తప్పినను నష్టము లేదు.

4. తండ్రి కుర్చీవెనుక నిలువవలెను. పైపొర గాఢతను కొంతసేపు సగమునకు తగ్గింపుడు. కుర్చీ అంచును, నాయనమ్మ భుజమును లీలగా కనబడును. ఆ మేరకు నలుపు పూసి, గాఢతను యథాప్రకారము పెంచుడు.

5. వెలుతురును పరీక్షింపుడు. ఒక చిత్రమున ఎండ ఎడమనుండియు, రెండవదానిలో కుడినుండియు పడినచో అతుకు బయటపడును. ‘ఫ్లిప్’ చేసి త్రిప్పవచ్చును గాని, చొక్కా జేబు కుడివైపునకు పోవును. అక్షరములున్నచో తలక్రిందులు కాకున్నను కుడియెడమలగును.

6. గింప్ స్వంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌గా దాచినచో పొరలు నిలుచును. జేపెగ్‌గా ఎగుమతి చేసినచో అన్నియు ఒక్కటై, నేసిన చీరవలె నగును. రెండు ప్రతులను ఉంచుకొనుడు.

ఆ బాలిక మూడు దినములు శ్రమించి చిత్రమును చక్కగా ముగించినది. నేను మెచ్చుకొంటిని. మఱునాడు ఆమె ముఖము వాడియుండెను. నాయనమ్మ ఆ చిత్రమును చేతబట్టుకొని, “నా యెనుకనే నిలవడ్డడు, నేను సూడకపోతి గదా!” అని కంట నీరు పెట్టుకొన్నదట. కొడుకు వచ్చి, తనతో మాటలాడకయే వెళ్లిపోయెనని ఆ వృద్ధురాలు తలచినది. నిజము చెప్పి ఓదార్చుటకు చాలసేపు పట్టెనట.

ఆ దోషము బాలికది కాదు, నాది. అతుకు కనబడకుండ చేయుట నేర్పితిని. అతికితిమని చెప్పుట నేర్పనైతిని. ప్రేమతో చేసిన చిత్రమే ఇంత నొప్పించినచో, పగతో ఒకరి ముఖమును వారు లేనిచోట నిలిపిన చిత్రము ఎంత కీడు చేయును! అబద్ధసాక్ష్యము కూడదను ఆజ్ఞ నాలుకకే కాదు, చేతికిని వర్తించును.

కావున ఈ పాఠమునకు ఏడవ మెట్టును చేర్చుచున్నాను. కూర్చిన ప్రతి చిత్రము క్రిందను ఆ సంగతిని వ్రాయుడు. ఆ యింటి గోడమీద ఆ చిత్రము నేటికిని ఉన్నది. దానిక్రింద బాలిక తన చేతితో ఇట్లు వ్రాసినది: “నాయన పుణెలో ఉన్నాడు. ఇక్కడ మేము చేర్చుకొన్నాము.”