మనూవర్ – చేతిపనిలో పుట్టిన మాట



మా చాల్‌లోని ఒక యౌవనుడు లారీ డ్రైవరు ఉద్యోగం కొరకు ఇంటర్వ్యూకు వెళ్లాడు. "కెన్ యు మనూవర్ ఎ లారీ ఇన్ ఎ నారో లేన్?" అని అడిగారు. అతనికది మన్యూర్, అనగా ఎరువు, అని వినబడింది. "ఎరువుల లారీ నేనెన్నడూ నడపలేదు సార్" అన్నాడు. ఆ పని మరొకరికి పోయింది. కామాటిపురా గల్లీలో చేతిబండ్లు, స్కూటర్ల నడుమ టెంపోను వెనుకకు తీసి నిలుపగలవాడు అతడు! గనుక ఈ మాట నేర్చుకొందము.

మనూవర్ అనగా నేర్పుతో కూడిన కదలిక. క్రియగా వాడితే, ఇరుకులో నేర్పుగా కదిలించుట, త్రిప్పుట. ఊరకే నడుపుటకు డ్రైవ్ చాలును. మంచమును చాల్ మెట్లమీద వంచి, నిలిపి, మూల త్రిప్పి మూడవ అంతస్తుకు చేర్చితే "వి మనూవర్డ్ ద కాట్ అప్ ద స్టెయిర్స్" అనవచ్చును. సైన్యపు విన్యాసాలను బహువచనంలో మనూవర్స్ అంటారు. గొంతులో ముద్ద అడ్డుపడినవానిని వెనుకనుండి పట్టుకొని పొట్ట నొక్కే పద్ధతిని 1974లో డాక్టర్ హైమ్లిక్ ప్రకటించాడు గనుక దానిని హైమ్లిక్ మనూవర్ అన్నారు.

ఆ యౌవనుని చూచి నవ్వకండి. లాటిన్‌లో మానుస్ అనగా చేయి, ఒపెరారి అనగా పనిచేయుట. "చేతితో పనిచేయుట" అను ఈ మూలమునుండే, ఫ్రెంచి ద్వారా, రెండు మాటలూ వచ్చాయి. మన్యూర్ అనగా మొదట నేలను సేద్యం చేయుట. ఎరువు అను అర్థం తరువాతిది. కామాటి అన్నా మన భాషలో చేతిపని చేసి బ్రదికే కూలీయే. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలనుండి వచ్చి ఈ నగరంలో కట్టుబడి పనులు చేసిన కామాటీల పేరే మన పేటకు నిలిచింది.

ఒక జాగ్రత్త. చేతివాటం అను మన మాట నేర్పునుండి చిల్లర దొంగతనానికి దిగజారినట్లే, మనూవర్ కూడ మనుష్యుల విషయంలో ఎత్తుగడ, కుయుక్తి అవుతుంది. మరమ్మతులు చేసిన కాంట్రాక్టరును మెచ్చుకొనుచు మావాళ్లు "యువర్ మనూవర్స్" అని వ్రాసిన ఉత్తరాన్ని పోస్టు చేయకముందే ఆపి, "యువర్ స్కిల్" అని దిద్దాము. "రూమ్ ఫర్ మనూవర్" అన్నప్పుడు మాత్రం దోషం లేదు. బేరమాడుటకు మిగిలిన వెసులుబాటు అది. ఇంటి ఒప్పందంమీద సంతకం చేయకముందే అదెంత ఉన్నదో చూచుకొనవలెను.

ఆ యౌవనుడు మరల దరఖాస్తు పెట్టాడు. "యెస్ సర్, ఐ మనూవర్ ఎ టెంపో ఇన్ అవర్ లేన్ ఎవ్రీ డే" అని అతనిచేత పదిసార్లు పలికించాము.